ఇరవై రెండు స్టాపుల జర్మన్

ఇరవై ఏడో నంబరు బస్సెక్కే వాళ్లెవరికీ ఆ కండక్టరు అసలు పేరు తెలియదు. అందరూ "సర్దుకోండిగారు" అనేవాళ్లు. బస్సులో నలుగురే మనుషులున్నా సరే, "సర్దుకోండి, కాస్త ముందుకు సర్దుకోండి" అంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే మనిషి. పద్నాలుగేళ్లుగా అదే రూటు, అదే విజిలు, వెనక తలుపు పక్కన అదే ఇనప కడ్డీ. మంచివాడు, అందులో సందేహం లేదు. కాకపోతే కళ్లు తెరిచి కలలు కనే రకం. టికెట్టు చింపి చేతిలో పెట్టి, కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండిపోయేవాడు. దిగాల్సిన వాళ్లే ఆయన భుజం తట్టి, విజిలు వేయించుకుని దిగేవాళ్లు.

అలాంటివాడు నలభై మూడో ఏట జర్మన్ నేర్చుకోవడానికి కూర్చున్నాడంటే ఊరికే కూర్చోలేదు. భార్య అక్కడుంది. నర్సు. ఆ ఏడే ఆ దేశంలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చి వెళ్లింది. వెనకాల మొగుడు రావాలంటే ఆ భాషలో మొట్టమొదటి పరీక్ష ఒకటి పాసవ్వాలి. పలకరించడం, పేరు చెప్పుకోవడం, అంకెలు, వారాలు, మంచినీళ్లు అడగడం, దారి అడగడం, అంతే. వందకి అరవై వస్తే చాలు.

"మీకు నాలుగు నెలలు ఎక్కువ. రోజూ బస్సులో మీరు మాట్లాడేదానికన్నా తక్కువే అది" అని చెప్పి ఆమె విమానమెక్కింది. పిల్లల్లేరు, ఉన్నది ఇద్దరే. ఆ ఇద్దరూ రెండు దేశాల్లో ఉంటే దాన్ని కాపురం అనాలో ఇంకేమనాలో మీరే చెప్పండి.

జర్మన్ చెప్పే గది ఒక డ్రైక్లీనింగ్ షాపు మీద ఉండేది. కింద ఇస్త్రీ పెట్టెల వేడి నేలలోంచి పైకి వచ్చేది. ఉతికిన బట్టల వాసనలో పన్నెండు కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, అయిదు నిమిషాలు వెనక నడిచే గడియారం. చుట్టూ అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల నర్సు పిల్లలు. మధ్యలో ఖాకీ చొక్కాతో ఈయన. వాళ్లు మొదటి రోజే "బాబాయ్" అని పిలిచి కలుపుకున్నారు. టీచరమ్మ మాత్రం ఎవర్నీ కలుపుకునే మనిషి కాదు. తప్పు చెప్తే తిట్టేది కాదు, మళ్లీ అదే ప్రశ్న అంతే మెల్లగా అడిగేది. అంతకన్నా నాలుగు తిట్టడమే నయమనిపించేది.

పుస్తకం ముందు పెట్టుకుంటే ఆయనకి ఒక్క ముక్క ఎక్కేది కాదు. రాత్రి చదివింది పొద్దున్నకి ఉండేది కాదు. ఒకరోజు బస్సు నీళ్ల ట్యాంకు స్టాపులో ఆగి ఉండగా, చేతిలో చీటీ చూసుకుంటూ "ఫెన్‌స్టర్" అనుకున్నాడు. కిటికీ అని అర్థం. మర్నాడు అదే స్టాపులో బస్సు ఆగగానే ఆ మాట ఎవరో పిలిచినట్టు దానంతటదే వచ్చి నిలబడింది. ఆయన సంతోషం చూడాలి. తర్వాతి స్టాపు పాత సినిమా హాలు. దానికి తాళంచెవి ఇచ్చాడు. కంటాసుపత్రికి వాన. మార్కెట్టుకి "వస్తాడు". రెండో గేటుకి "కాదు". వంతెనకి "ఎదురుచూడ్డం". అలా ఇరవై రెండు స్టాపులకీ తలా ఒకటి, నెల తిరిగేసరికి తలా పది.

ఇక చూడండి. రూటు రూటంతా జర్మన్ అయిపోయింది. బస్సు వంతెన మీదికి వచ్చి నెమ్మదించినప్పుడు, కింద నీళ్ల మీద పొద్దుటి పొగమంచు ఉన్నప్పుడు, ఆయనకి ఆ మాటలన్నీ తన భార్య ఉండే వీధుల్లా కనిపించేవి. ఎప్పుడూ చూడని ఊరు. ఏటవాలు పైకప్పులు, తడి రాళ్లు పరిచిన దారి, ఆ దారిలో కోటు వేసుకుని తలవంచుకుని నడిచి వచ్చే ఆమె. కడ్డీ పట్టుకుని ఊగుతూ ఆ ఊళ్లో పావుగంట తిరిగి వచ్చేవాడు. కంటాసుపత్రి దగ్గర దిగే కళ్లద్దాల షాపు గుమాస్తా రోజూ అడిగేవాడు.

"ఏం సర్దుకోండిగారూ, ఇవాళ మా స్టాపుకేమైనా కొత్త మాట వచ్చిందా?"

"గొడుగు వచ్చిందండీ. మీదెలాగూ వాన స్టాపే కదా."

"ఎండాకాలంలో కూడా మాకు వానేనా? సరే కానివ్వండి" అంటూ ఆయన దిగిపోయేవాడు.

పరీక్షకి రెండు వారాల ముందు కోర్టు దగ్గర రోడ్డు తవ్వేశారు. స్టాపు ఎత్తేసి, బస్సుని పక్క వీధిలోంచి తిప్పారు. కోర్టు స్టాపులో ఈయన పెట్టుకున్నవి పది మాటలు. కుర్చీ, గ్లాసు, ఉప్పు, చెప్పులు, ఇంకేవో. ఆ పదీ తవ్విన మట్టిలో కలిసిపోయాయి. మనిషి దిగాలుపడిపోయి, డ్యూటీ దిగాక ఒక సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి, కోర్టు గోడ పక్కన గుంట దగ్గర నిలబడి వెతుక్కున్నాడు. బస్సు లేకుండా అవి రాలేదు. నేను నవ్వించడానికి చెప్పడం లేదు, నిజంగానే వెళ్లాడు.

పరీక్ష రోజు ఎదురుగా బల్ల, బల్లకి అటువైపు ఇద్దరు. ఒకాయన కుర్చీ బొమ్మ ఉన్న కార్డు పెట్టి, దీని గురించి ఏదైనా అడగమన్నాడు. కండక్టరు మనసులో డిపోలోంచి బయల్దేరాడు. నీళ్ల ట్యాంకు, పాత సినిమా హాలు, కంటాసుపత్రి, మార్కెట్టు. ప్రతి స్టాపులోనూ ఆగి, దిగేవాళ్లని దింపి, ఎక్కేవాళ్లని ఎక్కించుకుని మరీ వెళ్తున్నాడు మహానుభావుడు. వంతెన దాటేలోపే ఆ పెద్దమనిషి కార్డు తీసేసి ఇంకోటి పెట్టాడు. మళ్లీ డిపో నుంచి బయల్దేరాడు. వచ్చిన మార్కులు నలభై ఏడు.

టీచరమ్మ ఆ కాగితం చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీకు మాటలు రాక కాదు. వాటిని సీట్లలో కూర్చోబెట్టేశారు. ఒక్కదాన్నీ దిగనివ్వడం లేదు."

"వాటిని దింపేస్తే నాకు కనపడకుండా పోతాయేమోనని భయం మేడమ్."

"పోతే మళ్లీ నేర్చుకుందురుగాని. మూడు నెలల్లో ఇంకో పరీక్ష ఉంది."

మూడు నెలల తర్వాతి పరీక్షకి ఆయన ఫారమే నింపలేదు. జ్వరం అన్నాడు. ఆ తర్వాతిదానికి డిపోలో సెలవు దొరకలేదన్నాడు. భార్యకి ఎండాకాలానికల్లా వస్తానన్నాడు, తర్వాత చలికాలమన్నాడు, తర్వాత కొత్త సంవత్సరమన్నాడు. మొదట్లో ఆమె ప్రతి ఆదివారం అడిగేది. "ఫారం నింపారా? డెబ్బయ్యో పేజీ దాటారా?" అని. తర్వాత నెలకోసారి అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఆయన దాన్ని కూడా హాయిగానే తీసుకున్నాడు. అడగడం లేదంటే అర్థం చేసుకుందిలే అనుకున్నాడు. మగవాళ్ల లెక్కలు అలాగే ఉంటాయి.

అసలు సంగతి ఏమిటంటే ఆయనకి భయం. ఇక్కడ ఆయన ఎవరో వెయ్యి మందికి తెలుసు. కంటాసుపత్రి దగ్గర దిగే గుమాస్తాకి తెలుసు, మార్కెట్టులో బుట్టలెత్తించే ముసలమ్మకి తెలుసు, స్టీరింగు దగ్గర కూర్చునే డ్రైవరుకి తెలుసు. అక్కడ ఫలానా నర్సు మొగుడు, అంతే. బస్సెక్కితే టికెట్టు తీసుకుని మూల సీట్లో కూర్చునే మనిషి. భార్య మీద ప్రేమ లేక కాదు, ఆమె దుప్పటి ఇప్పటికీ మడత విప్పకుండా తలదగ్గర పెట్టుకునే పడుకునేవాడు. కానీ కలలో ఆ ఊరికి వెళ్లి రావడం సులువు. నిజంగా వెళ్తే తిరిగి బస్సుకి వేళకి రాలేం కదా.

ఆదివారం మధ్యాహ్నం ఆయనకి సెలవు. ఆమెకి అప్పుడు పొద్దుటి డ్యూటీలో టీ వేళ. వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్లు పిట్టగోడ మీద పెట్టుకుని ఫోను మాట్లాడేవాడు. ఆమె ఏవేవో చెప్పేది. మంచు గురించి, కొత్త బూట్ల గురించి, ఆశ్రమంలో పదకొండో గదిలో ఉండే ముసలావిడ గురించి. ఆవిడ ఒకప్పుడు పియానో టీచరట, ఇప్పుడు చెవులు వినపడవట. ఈయన "ఊఁ, ఊఁ" అంటూ, ఆమె గొంతు వింటూ, మాటలు వినకుండా, ఆ తడిరాళ్ల వీధుల్లోకి జారుకునేవాడు. అది కూడా ఒక సుఖమే.

ఆ ఆదివారం మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె "ఒక్క నిమిషం ఉండండి, పెట్టేయకండి" అంది. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు. తర్వాత ఆమె గొంతు, కాస్త దూరం నుంచి, జర్మన్‌లో. ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, మెల్లగా. పియానో ముసలావిడతో కాబోలు, చెవులు వినపడవు కదా అనుకున్నాడు.

"నైన్. మైన్ మాన్ కొమ్ట్ నిష్ట్. ఎర్ లీబ్ట్ జైనెన్ బుస్. ఇష్ వార్టె నిష్ట్ మేర్."

మళ్లీ అడుగుల చప్పుడు. "ఆఁ, ఏమిటి కబుర్లు? ఇవాళ ఏం వండుకున్నారు?"

అప్పటికే ఆయన బస్సెక్కేశాడు. చెవిలో పడ్డ మాటలు పట్టుకుని డిపోలోంచి బయల్దేరిపోయాడు. "నైన్", లేదు. "బంగాళాదుంపల వేపుడు" అంది నోరు. మనసు మార్కెట్టులో ఆగింది, "కొమ్ట్", వస్తాడు. రెండో గేటు, "నిష్ట్". వస్తాడు కాదు, రాడు. "కారం ఎక్కువ వేయకండి, కడుపులో మంట అంటారు మళ్లీ" అంటోంది ఆమె. "ఊఁ" అన్నాడు. నా మొగుడు రాడు. అతనికి అతని బస్సంటే ప్రేమ. బస్సు వంతెన మీదికి వచ్చింది. "వార్టె". ఎదురుచూస్తున్నాను. దాని వెనకే మళ్లీ "నిష్ట్". చూడడం లేదు.

నేనింక ఎదురుచూడడం లేదు.

ఆయన వంతెన దగ్గర దిగేసరికి ఆమె "సరే మరి, ఉంటాను, జాగ్రత్త" అని పెట్టేసింది. చేతిలో ఫోను. పిట్టగోడ మీద కాళ్లు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి కిక్కు కొడుతూనే ఉన్నారు. రెండేళ్లుగా ఆ భాష నేర్చుకుంటే, మొట్టమొదట పూర్తిగా అర్థమైన నాలుగు వాక్యాలు ఇవి. ఎంత సేపు ఏడ్చాడో ఆయనకే తెలియదు.

మర్నాడు టెర్మినల్లో ఖాళీ బస్సులో కూర్చుని డ్రైవరుతో చెప్పాడు. డ్రైవరుది తొమ్మిదేళ్ల స్నేహం. ఒకర్నొకరు "బావా" అనుకుంటారు, చుట్టరికం ఏమీ లేదు.

"ఫోన్ చేసి చెప్పెయ్ బావా, వచ్చేస్తున్నానని."

"మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నేను చెప్తే నేనే నమ్మను."

డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి కాసేపు రోడ్డుకేసి చూశాడు.

"అయితే ఒక మాట చెప్తాను, నీకు కోపం రాకూడదు. నువ్వు ఈ బస్సు దిగిపో."

"ఉద్యోగం మానేయమంటావా?"

"ఉద్యోగం కాదు, ఈ రూటు దిగు. నువ్వు ఇరవై ఏడులో ఉన్నన్నాళ్లూ నీ మాటలు ఇరవై ఏడులోనే ఉంటాయి. నీ మొహం చూడకుండా ఉండటం నాకేం సరదా కాదు. అయినా చెప్తున్నాను, దిగు."

కండక్టరు ఆ మధ్యాహ్నమే డిపో మేనేజరు గదికి వెళ్లి రూటు మార్చమని అడిగాడు. మేనేజరు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. మర్నాటి నుంచి తొమ్మిదో నంబరు. అది ఊరికి అటువైపు, ఫ్యాక్టరీల వెనక నుంచి తిరిగే రూటు. పద్నాలుగేళ్ల కండక్టరు, "అమ్మా, ఇది ఏ స్టాపు?" అని ప్రయాణికుల్ని అడగాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఎవరూ పలకరించరు, ఎవరూ ఆటపట్టించరు. ఒకడు "కొత్తా?" అని కూడా అడిగాడు.

మొదటి వారం ఒక్క మాటా లేదు. నీళ్ల ట్యాంకు లేదు, కిటికీ లేదు. రెండో వారం కూడా అంతే. క్లాసులో నోరు తెరిచి మూసేవాడు, నర్సు పిల్లలు జాలిపడి చీటీలు అందించేవాళ్లు. మూడో వారం ఒక మధ్యాహ్నం, తొమ్మిదో నంబరు చివరి స్టాపులో, వెనక సీట్లో తల వాల్చి కునుకు తీశాడు. కలలో ఇరవై ఏడో నంబరు బస్సు చివరి స్టాపు దాటి వెళ్లిపోతోంది. ఈయన విజిలు వేస్తున్నా ఆగదు. పొలాలు, పొగమంచు, ఎక్కడా చూడని రోడ్లు. ఒక్కొక్కరే లేచి దిగిపోతున్నారు, నడుస్తున్న బస్సులోంచి, దెబ్బ తగలకుండా, పూలు రాలినంత మెల్లగా. కిటికీ దిగింది, తాళంచెవి దిగింది, వాన దిగింది, కోర్టు దగ్గర పోయిన పది మంది కూడా ఎక్కడి నుంచో వచ్చి దిగారు. ఈయన ఎవర్నీ సర్దుకోమనలేదు. బస్సు ఖాళీ అయింది.

మెలకువ వచ్చేసరికి ముందు సీటు వీపు కనిపించింది. కుర్చీని ఆ భాషలో ఏమంటారో నోటికి వచ్చింది. ఏ స్టాపూ దాటకుండా వచ్చింది. నమ్మకం లేక బయటికి చూశాడు. చెట్టు, మేఘం, గోడ, చెప్పులు. అడిగినవన్నీ వచ్చాయి. అప్పుడు ఆయనకి ఆనందం కన్నా బెంగే ఎక్కువ వేసింది. ఇన్నాళ్లూ తనకి తోడున్న రూటు ఇక తనది కాదని తెలిసిపోయింది.

ఆదివారాలు ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. పరీక్షకి ఫారం నింపిన సంగతి ఆమెకి చెప్పలేదు. పాసయ్యాకే నోరు తెరవాలని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ నాలుగు వాక్యాలు విన్న సంగతీ చెప్పలేదు. ఆమె వంట గురించి అడిగేది, ఈయన ఆమె దగ్గు గురించి అడిగేవాడు. మాటలు రోజురోజుకీ మర్యాదగా తయారవుతున్నాయి. వినేవాళ్లుంటే కొత్తగా పరిచయమైన వాళ్లనుకునేవాళ్లు.

పరీక్ష రోజు అదే బల్ల, అటువైపు ఈసారి ఒకావిడ. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, అంకెలు చెప్పాడు. కొన్ని తప్పాడు, తప్పినా ఆగలేదు. చివర్లో ఆవిడ బస్టాపు బొమ్మ ఉన్న కార్డు తిప్పి ముందు పెట్టింది. దీని మీద ఎవరినైనా ఏదైనా కోరాలి. ఒక చిన్న వాక్యం చాలు.

ఆయన ఆ బొమ్మకేసి చూశాడు. గొడుగు పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది, బస్సు ఇంకా రాలేదు.

"బిట్టె వార్టెన్ జీ" అన్నాడు. దయచేసి ఎదురుచూడండి. అక్కడితో సరిపోతుంది, ఆవిడ మార్కు కూడా వేసేసింది. కానీ ఈయన ఊరుకోలేదు. "ఇష్ కొమ్మె" అన్నాడు. నేను వస్తున్నాను. ఆవిడ తలెత్తి చూసి, మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది.

అరవై ఎనిమిది వచ్చాయి. టీచరమ్మ కాగితం చూసి నవ్వింది. ఆవిడకి నవ్వడం వచ్చని అప్పుడే అందరికీ తెలిసింది.

ఆదివారం దాకా ఆగలేకపోయాడు. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఆమె టీ వేళ చూసుకుని వరండాలోంచి ఫోను చేశాడు.

"ఏమైంది? ఒంట్లో బాగోలేదా?" అంది, ఆదివారం కాకుండా చేశాడని కంగారుగా.

"పాసయ్యాను."

అటునుంచి ఎక్కడో తలుపు మూసిన చప్పుడు.

"పరీక్ష పాసయ్యాను. అరవై ఎనిమిది. డిపోలో కూడా రాజీనామా కాగితం ఇచ్చేశాను, ఈ నెలాఖరు దాకానే. ఈసారి ఊరికే చెప్పడం లేదు."

"ఎప్పుడు రాశారు? నాకు చెప్పలేదే?"

"చెప్పే మొహం లేక. ఆ రోజు నువ్వు అన్నది విన్నాను, అందుకు."

"ఏ రోజు?"

"ఫోను బల్ల మీద పెట్టి వెళ్లావు చూడు. ఆ పియానో ముసలావిడతో అన్నావు. నా మొగుడు రాడు, నేనింక ఎదురుచూడడం లేదు అని."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"పియానో ఆవిడ కూతురింటికి వెళ్లిపోయి అప్పటికే నెల దాటింది. మీకు చెప్పాను కూడా. మీరు ఊఁ అన్నారు."

"మరి ఎవరితో అన్నావు?"

"ఆ గదిలో ఎవరూ లేరండీ. మీతోనే అన్నాను."

ఆయన పిట్టగోడ మీద నుంచి కాళ్లు దించాడు.

"తెలుగులో అనడానికి నోరు రాలేదు" అంది ఆమె. "తెలుగులో అంటే మీరు బతిమాలతారు, నేను సరే అంటాను, మళ్లీ ఒక ఏడాది. అందుకని మన పుస్తకంలో మొదటి ఆరు పాఠాలు తీసి, అందులో ఉన్న మాటలే ఏరుకున్నాను. మీకు రాని మాట ఒక్కటి కూడా ఉండకూడదని రెండు రోజులు కూర్చుని రాసుకున్నాను. మెల్లగా చదివాను. చదివి వచ్చి ఏం వండుకున్నారని అడిగాను."

"బంగాళాదుంపల వేపుడన్నాను."

"అవును. అర్థం కాలేదనుకున్నాను. చదవడమే మానేసి ఉంటారనుకున్నాను."

"అర్థమైంది. నువ్వు ఫోను పెట్టేసేలోపే అర్థమైంది."

"ఆ రోజే?"

"ఆ రోజే."

ఆమె ఏడుస్తోందని ఊపిరి బట్టి తెలిసింది.

"ఒక్క మాట అనాల్సింది కదండీ" అంది ఆమె. "ఈ పది వారాలూ నేను ఒక్కదాన్నే మిగిలాననుకున్నాను."